తిరగేసి చెక్కని అచ్చు

నేను ఒక చెక్క అచ్చుని. ఒకరి పోలిక మరొకరికి వస్తే మీరు “అచ్చు గుద్దినట్టున్నాడు” అని మురిసిపోతారు చూడండి, ఆ గుద్దే పని మా జాతిది. నా మట్టుకు నేను గుద్దినదంతా తప్పే. అందులో నా తప్పు ఆవగింజంత కూడా లేదు. ఈ మాట చెప్పడానికి నాకు నోరు లేదు కాబట్టే కథ ఇంతదాకా వచ్చింది.

విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు వెనక వీధిలో ఒక చెప్పుల దుకాణం ఉండేది. దాని మేడ మీద గది చీనా మిత్ర సంఘానిది. పదకొండు కుటుంబాలు: చెప్పులు కుట్టేవాళ్ళు, పళ్ళు కట్టేవాళ్ళు, ఒక హోటలు వాళ్ళు. కొత్త సంవత్సరానికి డోలు వాయించేవారు, వసంతంలో పెద్దల సమాధులు శుభ్రం చేసి వచ్చేవారు, ఎనిమిదో నెల పున్నమికి చందమామ పండగ చేసేవారు. ఏ పండగైనా వీధి వీధంతటినీ పిలిచి, ఇది ఎందుకు చేస్తామో తెలుగులో చెప్పేవారు. చెప్పేది దుకాణం యజమాని, సంఘం కార్యదర్శి హో వాయ్ కీ. అతని తెలుగు విని జనం కడుపుబ్బ నవ్వేవారు, అయినా చివరిదాకా కూర్చునేవారు. కూర్చుంటే చివర్లో పెసరపప్పు ముద్ద పెట్టిన గుండ్రటి పిండివంట పంచుతారని వాళ్ళకు తెలుసు. వీధి దానికి చీనా బూరె అని పేరు పెట్టుకుంది. వాయ్ కీ భార్య యీ లాన్‌కి కూడా ఆ వీధే పేరు పెట్టింది. నోరు తిరగక ఎల్లమ్మగారు అనేసింది. ఆవిడ ఆ పేరుకే పలికేది.

ఆ బూరెల మీద అక్షరం గుద్దే పాత అచ్చు పగిలిపోతే, ఎల్లమ్మగారు వడ్రంగి సన్యాసాచారి కొట్టుకు వెళ్ళింది. వాయ్ కీ సిరాతో రాసిచ్చిన అక్షరం కాగితం మీద ఉంది. ఆ అక్షరం పేరు మింగ్. తినే వస్తువు మీద అంతకన్నా సరైన మాట ఏముంటుందని ఆచారి తెగ సంబరపడ్డాడు. వాళ్ళ భాషలో దాని అర్థం వెలుగు. ఎడమవైపు సూర్యుడు, కుడివైపు చంద్రుడు, రెండూ పక్కపక్కన నిలబడితే వెలుగు.

ఆచారి పనస చెక్క మీద కాగితం పెట్టి, ఒక్క ప్రశ్న అడిగాడు.

“తిరగేసి సెక్కాలేటమ్మా?”

అద్దంలోలాగా ఎడమ కుడి మార్చి చెక్కాలా అని అతని ఉద్దేశం. పని తెలిసిన ప్రతివాడూ అడిగే ప్రశ్నే. కానీ ఎల్లమ్మగారికి తిరగేయడం అంటే తలకిందులు చేయడం. వాళ్ళు కొత్త సంవత్సరానికి అదృష్టం అనే అక్షరాన్ని తలకిందులుగా తలుపుకి అంటిస్తారు, అదృష్టం ఇంట్లోకి దిగుతుందని. ఈ ఆచారి మన పండగలన్నీ కలిపేస్తున్నాడే అనుకుని ఆవిడ గాభరాపడింది.

“తిరగేసి వద్దు! తిరగేసి కొత్త సంవత్సరం. ఇది చందమామ పండగ. కాగితం ఎలా, చెక్క అలా!”

ఆచారి ఉలి పట్టుకుని ఒక క్షణం ఆగాడు. ‘మనకేటి తెలుసు, ఆల భాష ఆలది’ అని గొణుక్కుని, కాగితం ఎలా ఉందో చెక్క అలాగే చెక్కాడు. ఆ క్షణంలో నేను అరవగలిగితే ఎంత బాగుండేదో!

ఆ ఏటి పండగనాడు నాలో పిండి వత్తి, బల్ల అంచుకి ఠప్పుమని కొట్టి తీస్తే, బూరె మీద చంద్రుడు ముందూ సూర్యుడు వెనకా వచ్చారు. అలాంటి అక్షరం ఏ పుస్తకంలోనూ లేదు. ఎల్లమ్మగారు తల పట్టుకుంది. వాయ్ కీ మాత్రం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వి, “ఇవాళ చంద్రుడి పండగ గదా, అతన్నే ముందు నడవనీండి” అన్నాడు. సంఘం ఒప్పుకుంది. అప్పటినుంచి తొమ్మిదేళ్ళు నేను తప్పు గుద్దాను, వాళ్ళు ఇష్టంగా తిన్నారు. ఆచారి ఏటా వచ్చి, తన తప్పుని తానే రెండు తినిపోయేవాడు. నా బతుకులో మంచి రోజులంటే అవే.

తరవాత సరిహద్దులో చీనాతో యుద్ధం వచ్చింది. నిన్నటిదాకా బూరెలు తిన్న వీధి కిటికీలు మూసుకుంది. ఒకరోజు మధ్యాహ్నం ఒక పోలీసు అధికారి మనుషులతో మేడ ఎక్కి సోదా చేశాడు. పిండి డబ్బాలో నేను దొరికాను.

“ఇదేంటి?”

“బూరెల అచ్చండి” అన్నాడు వాయ్ కీ.

అధికారి తెలివైనవాడు. తెలివైనవాళ్ళంటే నాకు అప్పటినుంచే భయం. “ముద్రని చూస్తే ఏం తెలుస్తుంది, వేసి చూడాలి” అని లక్క కరిగించి నన్ను దాని మీద వత్తాడు. లక్క మీద చంద్రుడు ముందొచ్చాడు. అది చూసి ఎల్లమ్మగారు కంగారుగా, “అది తప్పు! తప్పు నాది, ఆయనది కాదు” అంది. పాపం, ఆవిడ చెప్పింది చెక్కడం గురించి. అధికారి మాత్రం భార్య తప్పు ఒప్పుకున్నది అని కాగితం మీద రాసుకున్నాడు.

ఆ లక్కబిళ్ళని కలకత్తాలో ఒక దుబాసీకి పంపారు. ఇలాంటి అక్షరం లేదు, రహస్య సంకేతం కావచ్చు అని అతను జవాబు రాశాడు. నన్ను గుడ్డసంచిలో కుట్టి, సీలు వేసి, ఠాణాలో సామాన్ల గదిలో పడేశారు. అయ్యా, నా ముఖం మీద అక్షరం సరిగ్గానే ఉంది! నన్ను ఒక్కసారి తిన్నగా చూపించినా ఆ దుబాసీ వెలుగు అని చదివేవాడు. సంచిలోంచి నాకు అన్నీ వినపడుతున్నాయి, ఏమీ చేయలేను.

ఆచారి పరుగెత్తుకొచ్చాడు. “నానే సెక్కినాను బాబూ. ఆ లక్క కాదు, దీని మొకం సూడండి. కాళ్ళట్టుకుంటాను.”

“సీలు వేసిన సాక్ష్యం విప్పకూడదు” అన్నాడు అధికారి. రూలు అది. రూలుకి ఆచారి కాళ్ళు పట్టుకున్నా ఒకటే, పట్టుకోకపోయినా ఒకటే.

వాయ్ కీని ఎక్కడో ఎడారిలో ఉన్న నిర్బంధ శిబిరానికి పంపారు. వెళ్ళేముందు భార్యతో, “పండగకి వచ్చేస్తాను, పెసరపప్పు నానబెట్టు” అన్నాడట. ఆవిడ ఆ ఏడు నానబెట్టింది. మరుసటి ఏడూ నానబెట్టింది. రెండో ఎండాకాలంలోనే అతను జ్వరంతో పోయాడని, రెండోసారి పప్పు నానబెట్టిన రెండు నెలలకి కార్డు వచ్చింది.

మిగతా కుటుంబాలు ఒక్కొక్కటే ఊరు వదిలాయి. సంఘం అంటే ఎల్లమ్మగారే అయింది. పండగ ముందు ఏటా ఠాణాకి వచ్చి, “నా అచ్చు ఇవ్వండి బాబూ” అనేది. ఆ గొంతు ఏటేటా సన్నబడటం సంచిలోంచి విన్నాను. ఆచారి ఇంకొకటి చేసిపెడతానంటే వద్దందట. పద్దెనిమిదేళ్ళు అలా తిరిగింది.

ఆ తరవాత సామాన్ల గది ఖాళీ చేస్తూ ఒక కుర్ర ఎస్సై నా సంచి కుట్లు విప్పాడు. ఆ ఏడూ అడగడానికి వచ్చిన ఎల్లమ్మగారు ఎదురుగా నిలబడి ఉంది.

“ఏం రాసుందమ్మా దీనిమీద?”

“వెలుగు” అంది ఆవిడ.

అతను నన్ను చూశాడు, ఫైలు చూశాడు. “దీనికేనా?” అని, సంతకం కూడా అడగకుండా నన్ను ఆవిడ చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నేను ఆవిడ ఒంటిగదిలో, వాయ్ కీ ఫొటో పక్కన, ముఖం బయటికి పెట్టుకుని కూర్చున్నాను. ఎవరొచ్చినా తిన్నగా నా ముఖమే చూస్తారు. వాళ్ళకి చదవడం రాదు. చదవడం వచ్చిన ఒక్క మనిషికీ కళ్ళల్లో పొరలు కమ్మాయి. ఆచారి పోయి కూడా నాలుగేళ్ళయింది. పిండి వత్తే పని నాకు మళ్ళీ పడలేదు, పంచడానికి ఎవరున్నారు గనక.

రోజూ సాయంత్రం ఆవిడ నన్ను ఒళ్ళోకి తీసుకుని వేలితో తడుముతుంది. ముందు సూర్యుడు, తరవాత చంద్రుడు. తడిమి తడిమి, ఇన్నేళ్ళకి స్పష్టంగా వచ్చిన తెలుగులో, ఎదురుగా ఎవరో ఉలి పట్టుకుని ఆగి ఉన్నట్టు నెమ్మదిగా జవాబు చెబుతుంది.

“ఆఁ, తిరగేసే చెక్కు ఆచారీ. తిరగేసే చెక్కు నాయనా.”

నన్ను చెక్కడం ఎప్పుడో అయిపోయింది.