కర్ర స్పిరిటు

ఈపూరు దారిలో కొత్త ఫ్యాక్టరీ తెరిచిన కాడినుంచీ వినుకొండలో బీబీకి ఒకటే గుబులు. కూతురు తహసీన్‌కి అక్కడి ల్యాబులో ఉద్యోగమొచ్చింది మరి. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా కూర్చున్న పిల్ల, మొదటిరోజు గంట ముందే పోయి బస్టాండులో నిలబడింది.

"కర్రలోంచి సారా తీస్తారంటగా?" అని బీబీ అడగని రోజు లేదు.

"సారా కాదమ్మీ, స్పిరిటు. సుబాబుల్ కర్రని పొట్టు చేసి, ఉడికించి, పులియబెట్టి దించుతారు. మనుషులు తాగేది కాదు, పెట్రోల్లో కలిపి బండ్లకి తాపేది."

"ఏదైతే ఏంది, అంటుకునేదే గదా!"

అంటుకునేదే. అందుకే లోపలికి ఫోను పోనివ్వరు. చిన్న నిప్పురవ్వ చాలంట. ఎవరైనా సరే గేటుకాడ సెక్యూరిటీ అంకారావు చేతికిచ్చి పోవాల్సిందే. తహసీన్ ఈ సంగతి చానాసార్లు చెప్పింది. బీబీ చెవికెక్కింది మాత్రం ఒక్కటే: పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుదాకా పిల్ల ఫోనెత్తదు.

ఒకరోజు టీవీలో ఎక్కడో బాయిలర్ పేలిందని చూపించారు. మర్నాడు పొద్దున బీబీ పాత బటన్ల ఫోనుని గుడ్డలో చుట్టి, క్యారేజీ సంచి అడుగున, గోంగూర గిన్నె కింద దోపింది. చెబితే పిల్ల ఒప్పుకోదని చెప్పలేదు. ఆడపిల్ల సంచి ఎట్లా తడమాలని అంకారావు చూడలేదు.

పదకొండింటికి వీధిలో ఫైరింజన్ గంట కొట్టుకుంటా పోయింది. బీబీ సంచిలో దోపిన ఆ నంబరుకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. అట్లా ఏడుసార్లు.

మధ్యాహ్నానికల్లా తహసీన్ ఇంటికొచ్చింది. ఒంటిమీద గీత కూడా పడలేదు; ఫైరింజన్ పోయింది వేరే ఎటో అంట. "యా అల్లా" అని బీబీ గుండెల మీద చెయ్యేసుకుంది. ఆ తర్వాత గానీ చూసుకోలేదు, పిల్ల మెడలో ఫ్యాక్టరీ కార్డు లేదు.

"ల్యాబులో మోగిందమ్మీ. స్పిరిటు సీసాల పక్కనే. తీసేశారు," అని తహసీన్ లోపలికి పోయింది.

మర్నాడు బీబీ గేటుకాడికి పోయింది. సుబాబుల్ లోడు ట్రాక్టర్లు వరసగా లోపలికి పోతున్నాయి.

"తప్పు నాది తమ్ముడూ. నేనే పెట్టా, దానికి తెలియదు. మీ సారు కాళ్లు పట్టుకుంటా, లోపలికి పోనియ్."

అంకారావు మొహం గంటు పెట్టుకున్నాడు. "సంచి చూడలేదని నాకూ మెమో ఇచ్చారక్కా. ఆ పిల్ల తనే తెచ్చుకున్నానని రాసి సంతకం పెట్టేసింది. కాగితం పైకి పోయింది. ఇంకేం చెయ్యలేం."

"అట్లా ఎందుకు రాసింది?"

"నేనూ అదే అడిగా. 'నిజం రాస్తే మా అమ్మీని పిలిపించి నలుగురిలో కేకలేస్తారు బాబాయ్, ఆమెకసలే భయం' అంది."

ట్రాక్టర్ల దుమ్ములో బీబీ వెనక్కి మళ్లింది.

ఇంటికొచ్చేసరికి తహసీన్ ఫ్యాక్టరీకి తిరిగి ఇచ్చేయాల్సిన యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. బీబీ పక్కన కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడవమాకమ్మీ," అంది తహసీన్, కాలరు మడత సరిచేస్తా. "ఇక రోజంతా నీ కళ్లముందే ఉంటాగా."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.