దారాలు పీకే చేతులు

మధ్యాహ్నం అన్నం వడ్డించే వేళకు నాలుగో బొమ్మ జుట్టూ ఊడిపోయింది. కౌల్ బజార్ సందులోని ఆ అంగన్‌వాడీలో సిద్దక్క పదకొండేళ్లుగా ఆయా. ఊలు పోగులన్నీ చీపురుతో మూలకు నెట్టింది. కోపం రాలేదు. ఈ మధ్య ఆమెకు ఏదీ రావడం లేదు.

జంఖానా అంచు పోయి వారమైంది. తలుపు తెర సగం పీలికలైంది. పిల్లల గౌన్ల కుట్లు పీకేస్తోందని ఇద్దరు తల్లులు పోట్లాడి వెళ్లారు. అంతా నాలుగేళ్ల బిందుశ్రీ పనే. ఆ పిల్ల ఏడవదు, కొట్టదు, కొరకదు. గుడ్డ దొరికితే చాలు, పోగు పట్టి లాగుతుంది.

టీచరు ప్రమీలమ్మ రంగు పెన్సిళ్లిచ్చి చూసింది, గోడవైపు కూర్చోబెట్టి చూసింది. ఒకరోజు చేతి మీద కొట్టి, తనే కళ్లు తుడుచుకుంది. చెడిన సామానుకు జవాబు చెప్పాల్సింది ఆమే. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

"సిద్దక్కా, మూడింటికి సూపర్‌వైజర్ మేడమొస్తాండారు. ఈ పాప చేతులు టవలుతో కట్టి కూచోబెట్టు. లేకుంటే ఇంటికాడ ఇడిసిపెట్టి రా."

కట్టడం కన్నా నడవడమే సులువనిపించింది. సిద్దక్క పాపను చంకనేసుకుని రెండు సందులవతల వాళ్లింటికి బయల్దేరింది.

ఒంటిగదిలో నడుమెత్తు జీన్సు ప్యాంట్ల కుప్ప. దాని వెనక పాప తల్లి వెంకటరామి. కుట్టిన ప్యాంట్లకు మిగిలిన దారాలు తీసే పని ఆమెది.

దించగానే బిందుశ్రీ చతికిలబడి ఒక ప్యాంటు లాక్కుంది. తిరగేసింది. కుట్టు వెంబడి దారాలు ఒక్కొక్కటే పీకి, మడిచి, పక్కన పెట్టింది.

"అమ్మా, ఇంగోటి."

తల్లి తలెత్తకుండానే ఇంకోటి తోసింది.

"ఎప్పుడ్నించి చేస్తాంది?" సిద్దక్క అడిగింది.

"పోయినేడు నించి. కత్తెరిస్తే యాడ కోసుకుంటాదో అని చేత్తోనే పీకమన్నా. బంగారట్ల పాపక్కా, మారు మాట్లాడదు. పీసుకి రూపాయి గూడా రాదు. నేనొగదాన్నే అయితే యాడ గిట్టుతాది?"

సిద్దక్క పాప వేళ్లు చూసింది. గోళ్ల కింద నీలం, కొసల్లో తోలు లేచిపోయి ఉంది. రోజూ అన్నానికి ముందు ఆ చేతులే సబ్బుతో రుద్ది, ఈ మురికి పోదేందని కసురుకునేది తను. పాప చేతిలోని ప్యాంటు మెల్లగా లాగి పక్కన పడేసింది. పాపను మళ్లీ ఎత్తుకుంది.

"సంజకి ప్యాంట్లకోసం సేటు మనిషొస్తాడక్కా. ఇంగా నలభై ఉండాయి. ఎవరు తీస్తారు?"

సిద్దక్క పాపను చంకన సర్దుకుంది. గడప దాటింది.

అంగన్‌వాడీ ముందు అప్పటికే జీపు ఆగి ఉంది. ప్రమీలమ్మ గుమ్మంలోనే అడ్డుపడి గొంతు తగ్గించింది.

"మళ్లీ ఎందుకు తెచ్చినావు? బిరీన కట్టేయి."

"కట్టనమ్మా. ఇంటికీ పంపను."

పదకొండేళ్లలో ఆ నోట కాదనే మాట రావడం అదే మొదలు. టీచరు చేతిలో టవలు అట్లాగే ఉండిపోయింది.

లోపల్నుంచి మేడం వచ్చింది. సిద్దక్క చంకలోని పిల్లను చూసి నవ్వి, ఆ ఊరి సర్కారు భాష కన్నడంలో పేరడిగింది. బిందుశ్రీ పేరు చెప్పలేదు. ముందుకు వంగి, మేడం పట్టుచీర పవిట అంచు తిరగేసి, ఎక్కడైనా దారం మిగిలిందేమోనని వెతకసాగింది.

సిద్దక్క ఆపలేదు.