ఢిల్లీకి వెళ్లిన తాటిదోనె

హలో, అందరికీ వినపడుతోందాండీ? మా గూడెంలో సిగ్నల్ ఒక్కచోట నిలవదు, మేడెక్కి మాట్లాడుతున్నాననుకోండి. ఢిల్లీ వెళ్తే ఏ మ్యూజియాలు చూడాలని మన గ్రూపులో ఎవరో అడిగారు కదా. చెప్తాను గానీ, ముందు వెంకటనరసమ్మగారి సంగతి వినండి. అందులోనే అన్నీ వస్తాయి.

వెంకటనరసమ్మది కొల్లేటి మధ్య ఒక చిన్న లంక. ఆమే, పెనిమిటి బుచ్చిబాబూ కాపురమంతా ఒకే తాటిదోనె మీద బతికారు. తాటిమానును నిలువునా చీల్చి, లోపల తొలిచి చేసిన దోనె అది. ఆయన వెనక నిలబడి గడ వేస్తుంటే, ఆమె ముందు కూర్చుని వలలు ఎత్తేది. ఎండలు ముదిరి వేట లేనప్పుడు దోనెను గట్టు మీద వదిలేవారు కాదు. నీళ్లలో ముంచి, పైన గుర్రపుడెక్క మొక్కలు కప్పేవారు. ఎండిందంటే తాటిమాను నెర్రెలిస్తుంది. ఆ పని మాత్రం బుచ్చిబాబు ఎవరి చేతా చేయించేవాడు కాదు. పసిపిల్లకు నీళ్లు పోసినంత నెమ్మదిగా తనే ముంచేవాడు.

తర్వాత ఆయనకు మోకాళ్లు పోయాయి. ఢిల్లీలోని ఒక మ్యూజియం వాళ్లు పాత పడవలు వెతుక్కుంటూ వస్తే, చీకిపోయేదానికంటే నయమని ఆయనే ఇచ్చేశాడు. లారీ ఎక్కించాక, దారిలో తడుపుతూ తీసుకెళ్లమని డ్రైవరుకు మరీమరీ చెప్పాడు. నిరుడు వానల్లో, ఏలూరు ఆసుపత్రి మంచం మీద కూడా అదే ధ్యాస.

"అది ఎండిపోయుంటదే. నువ్వెళ్లి ఒక్కసారి మన నీళ్లు చూపించిరా," అన్నాడు.

ఆమె ఆయన చేతిలో చెయ్యేసి సరేనంది. తెల్లారేసరికి ఆయన లేడు.

మాటైతే ఇచ్చింది గానీ ఢిల్లీ ఎటుందో ఆమెకు తెలియదు. ఏలూరులో నన్నే సాహెబ్ అనే ఆయన ఇంట్లో ఏళ్ల తరబడి ఆమె తెచ్చే చేపలే వండుకునేవారు. ఆయన కోడలు రేహానా జనాన్ని ఢిల్లీ, ఆగ్రా టూర్లకు తీసుకెళ్తుంది, హిందీ బాగా వచ్చు. సంగతి విని, నాలుగుచోట్లకు ఫోన్లు చేసి దోనె ఆచూకీ కనుక్కుంది. ఈసారి టూరుకి మామ్మను కూడా రమ్మంది. వెంకటనరసమ్మ కొల్లేట్లో దిగి, తేటగా ఉన్నచోట ఒక సీసా నిండా నీళ్లు ముంచుకుని రైలెక్కింది.

ఢిల్లీలో అందరితోపాటే తిరిగింది. నేషనల్ మ్యూజియంలో వేల ఏళ్లనాటి మట్టికుండల ముందు చాలాసేపు నిలబడి, వీటి తాలూకు మనుషులెవరైనా చూసుకోవడానికి వస్తుంటారా అని రేహానాను అడిగింది. రైలు మ్యూజియంలో పాత ఇంజన్లు, రాజ్‌ఘాట్ దగ్గర గాంధీగారి మ్యూజియం, అన్నీ చూసింది. మోడరన్ ఆర్ట్ గ్యాలరీలో, టూరుకి వచ్చిన ముదినేపల్లి రైతు సత్తిరాజు ఒక బొమ్మ ముందు మెడ వంచి, దీన్ని తలకిందులుగా తగిలించారేమోనని అందరినీ నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. చంకలో నీళ్లసీసా ఉన్న సంచీ మాత్రం వదల్లేదు.

ఆఖరిరోజు ఎక్కడికి వెళ్తున్నారో తెలిశాక సత్తిరాజు ఊరుకోలేదు.

"ఢిల్లీ దాకా వచ్చి దోనె చూడ్డమేంటండీ పిన్నిగారూ. మా చేపలచెరువు గట్టున రెండు పడున్నాయి. చెప్తే ఇంటికే పంపేవోణ్ణి కదా."

"అవి మీయి బాబూ," అంది ఆమె.

దోనె ఉన్న మ్యూజియం గేటు దగ్గర సీసా లోపలికి తీసుకెళ్లకూడదన్నారు. రేహానా బతిమాలినా ఒప్పుకోలేదు. వెంకటనరసమ్మ వాదించలేదు. పక్కకు వెళ్లి, సగం నీళ్లు కొంగు మీద పోసుకుని, మిగతా సగంతో సీసా కౌంటర్లో ఇచ్చేసింది. తడికొంగు గుప్పిట్లో పట్టుకుని లోపలికి నడిచింది.

దోనె ఇనుపకాళ్ల మీద ఉంది. పైనుంచి దీపం. నల్లగా ఉండాల్సిన మాను బూడిదరంగుకు తిరిగింది. ఆమె చూపు తిన్నగా వెనక కొసకు వెళ్లింది. బుచ్చిబాబు కాలు మోపిన చోట మాను నున్నగా అరిగి, పాదమంత గుంట పడింది. అది అలాగే ఉంది. ఆమె చుట్టూ కట్టిన తాడు దాటి వెళ్లి, ఆ గుంటలో తడికొంగు అద్దింది.

కాపలామనిషి పరుగెత్తుకొచ్చాడు. వెనకే ఒక ఆఫీసరమ్మ వచ్చింది. రేహానా హిందీలో అంతా చెప్పేసరికి ఆవిడ కోపం చల్లారింది. నెలల తరబడి నీడలో ఆరబెట్టి, పురుగు పట్టకుండా మందు పూశామనీ, ఇప్పుడు తడి తగిలితే మాను కుళ్లుతుందనీ నెమ్మదిగా చెప్పింది. ఇన్నాళ్లూ తడే దాని ప్రాణం. ఇప్పుడు తడే దానికి చేటు.

"ఇంక నీళ్లలోకి దిగదా అమ్మా?" అని అడిగింది వెంకటనరసమ్మ.

రేహానా ఆఫీసరమ్మను అడగనే లేదు, తనే చెప్పింది. "దిగదు మామ్మా. కానీ పాడవదు. మన మనవళ్ల పిల్లలు కూడా వచ్చి చూస్తారు."

"చూస్తార్లే. ఎక్కేవోళ్లే ఉండరు."

ఆఫీసరమ్మ మెత్తటి గుడ్డ తెప్పించి కాపలామనిషికి ఇవ్వబోతే, వెంకటనరసమ్మ చెయ్యి చాచింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఆమెకే ఇచ్చింది. తడపడానికి అంతదూరం వచ్చిన మనిషి, ఆ గుంటలో ఒక్క చుక్క మిగలకుండా తనే అద్దుతూ తుడిచింది. పసిపిల్లకు తల తుడిచినట్టు తుడిచింది. గుడ్డ తిరిగిచ్చేసి, బయటికొచ్చి కౌంటర్లో సీసా తీసుకుని సంచీలో పెట్టుకుంది. సత్తిరాజు ఆమె సంచీ అందుకున్నాడు. మళ్లీ ఏలూరు స్టేషన్లో దిగేదాకా అది అతని దగ్గరే ఉంది.

లంకకు చేరిన సాయంత్రం ఆమె గట్టు దిగి, ఎండాకాలం దోనెను ముంచే చోటికి వెళ్లింది. సీసాలో మిగిలిన నీళ్లు కొల్లేట్లో పోసింది.

"తడిపానయ్యా," అంది. సీసా మూత బిగిస్తూ, "తుడిచేశాను కూడా," అంది.

ఇంతేనండీ. ఢిల్లీ ప్రయాణం పెట్టుకున్నవాళ్లు మీకు తెలిసుంటే ఈ కథ వాళ్లకి కూడా పంపండి. ఏ మ్యూజియంలోనైనా పాత వస్తువు కనపడితే ముట్టుకోవద్దనండి. దాని తాలూకు మనుషులు వచ్చినట్టుగా కాసేపు దగ్గర నిలబడమనండి, చాలు.