మూడో సిలిండరు అలక

మిల్లు యజమానికి నాలుగు కార్లున్నాయి. మరలో పడి ఎవరి వేలు తెగినా ఆ నాలుగింటిలో ఒక్కటీ కదలదు. కదలదని తెలిసే కార్మికులు తలా కాస్తా వేసుకుని, ముప్ఫయ్యేళ్ళు దాటిన ముసలి కారొకటి కొనుక్కున్నారు. గుట్ట మీది ఆసుపత్రికి మనుషుల్ని చేరవేసేది అదే. దాని డ్రైవరు బాబాయి. దానికి జబ్బు చేస్తే చూసేది ఆయన అన్న కూతురు. ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు అందరూ మరిచిపోయారు, స్పానరక్క అంటేనే పలుకుతుంది.

పదిరోజులుగా కారు మిస్సింగ్ కొడుతోంది. పొద్దున్నే గుట్ట ఎక్కుతూ ఎక్కిళ్ళు పట్టిన మనిషిలా ఉలిక్కిపడి, సగం దారిలో నీరుగారిపోతోంది. నిన్న ఒక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డను భుజాన వేసుకుని మిగతా గుట్టంతా నడిచింది. దాంతో సంఘం కార్యదర్శి తెగేసి చెప్పేశాడు. ఈ సాయంత్రం ఐదింటికి తానే కూర్చుని చూస్తాడట. గుట్ట ఎక్కితే సరి, లేకుంటే కారు పాత ఇనుముకి, బాబాయి ఇంటికి. ఇంట్లో బాబాయికి ఏముంది గనక? నాలుగు గోడలు. పెళ్ళాం పోయాక ఆయన నోరు విప్పేది ఆ కారు దగ్గరే.

చిక్కేమిటంటే, షెడ్డుకొచ్చేసరికి కారు నంగనాచి అయిపోతుంది. స్పానరక్క ప్లగ్గులు మార్చింది. కార్బురేటరు విప్పి కడిగింది. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, ఇంజను నడుస్తుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూసింది. పనిచెయ్యని సిలిండరైతే వైరు పీకినా చీమ కుట్టినట్టుండదు. ఇక్కడ ఏది పీకినా చప్పుడు కుంటుపడింది. అంటే నాలుగూ బాగున్నట్టే. మరి జబ్బెక్కడ?

మధ్యాహ్నం రేకుల కింద వేడి బరువుగా దిగింది. ఇంజను జోల పాడుతున్నట్టు ఒకటే గురగుర. ఆ మగతలో ఆమె బాబాయిని, లేచింది మొదలు ఏమేం చేస్తావో ఒక్కటీ వదలకుండా చెప్పమంది. ఆయన చెప్పుకుపోయాడు. లేస్తాడు, టీ పెట్టుకుంటాడు, దానికి స్నానం చేయిస్తాడు, టైర్లలో గాలి చూస్తాడు...

"ఆగు బాబాయ్. స్నానం ఎవరికి?"

"ఇంకెవరికే? దీనికే. రోడ్ల దుమ్మంతా ముక్కులో పెట్టుకుని ఉంటే బాగుంటుందా? బానెట్టు ఎత్తి రెండు చెంబులు పోస్తా. తుడుస్తాలే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీ పిన్ని పోయినప్పటి నుంచి."

ఇన్నేళ్ళు పడిన నీళ్ళు ఇప్పుడే ఎందుకు పడటం లేదని ఆయన సణిగాడు. ఆమె లేచి షెడ్డు తలుపులు మూసింది. కిటికీకి దుప్పట్లు కట్టింది. పొగ బయటికి పోయేలా సైలెన్సరుకు పొడవాటి గొట్టం తొడిగి తలుపు కింద నుంచి వదిలింది. ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా తెచ్చి, నడుస్తున్న ఇంజను మీద మంచులా చిలకరించింది.

మిట్టమధ్యాహ్నం, షెడ్డులో కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మొదట ఏమీ లేదు. తర్వాత మూడో వైరు మీద నీలం చుక్క ఒకటి మెరిసింది. ఇంకొకటి. చుక్కలు కలిసి దారమై, వైరు వెంట పాకుతూ పక్కనున్న ఇనుముకు అల్లుకున్నాయి. ఆ వెలుగులో ఇంజను నీటి అడుగున ఉన్న ఊరులా కనిపించింది. నీలి వీధులు, నీలి కప్పులు, ఎవరో దీపం పట్టుకుని గడప గడపకూ తిరుగుతున్నట్టు. నిప్పు పుట్టినప్పుడల్లా సిలిండరుకు అందాల్సింది దారిలోనే కారిపోతోంది. ఇంజను వెక్కింది, తడబడింది, అలిగిన పిల్లలా మూలిగింది. ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు.

"ఎంత బాగుందే," అన్నాడు బాబాయి. ఆ నీలి వెలుగు వైపు వంగి, "నేనే కదూ దీన్ని చంపుతున్నది?"

అబద్ధం ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"సగం నువ్వు. సగం వయసు. వైరు బీటలిచ్చింది, నీ నీళ్ళు నిప్పుకి దొంగదారి చూపించాయి. పొద్దున తడి, నా దగ్గరికొచ్చేసరికి పొడి."

సైకిలెక్కి వెళ్ళి కొత్త వైర్లు బాబాయే తెచ్చాడు. వరస తప్పితే మొదటికే మోసం గనక, ఆమె ఒకటి తీసి ఒకటి తొడిగింది. మళ్ళీ నీళ్ళు చిలకరించింది. ఈసారి చీకటి చీకటిగానే ఉండిపోయింది.

ఐదింటికి కార్యదర్శి వచ్చాడు. బాబాయి దాచలేదు, తప్పు తనదేనని మొహం మీదే చెప్పేశాడు. అతను ముఖం గంటు పెట్టుకుని, పొద్దున పూట చచ్చే బండిని సాయంత్రం చూపించి నమ్మమంటారా అన్నాడు. మాట న్యాయమే. స్పానరక్క అతని కళ్ళ ముందే బానెట్టు ఎత్తి, నడుస్తున్న ఇంజను మీద రెండు చెంబులు కుమ్మరించి, ఎక్కమంది. అతను వెనక సీట్లో చేతులు కట్టుకుని, తీర్పు చెప్పే మనిషిలా బిగుసుకుని కూర్చున్నాడు.

గుట్ట మొదలైంది. బానెట్టు సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచి అద్దం మీదుగా వెనక్కి తేలిపోతోంది. ఏటవాలు ఎండలో రోడ్డు మెత్తబడినట్టుంది. మొదటి మలుపు. ఇంజను ఒకే గొంతుతో, ఒకే శ్రుతిలో లాగుతోంది. నిన్న చతికిలపడిన చోటు వచ్చింది, వెనక్కి జారిపోయింది. బాబాయి చేతులు చక్రం మీద ఉన్నట్టే లేవు. కింద మిల్లు అగ్గిపెట్టెంత అయింది, దాని పొగ తాడులా ఆకాశానికి వేలాడుతోంది. కారు నడుస్తోందో, లోకమే మెల్లగా కిందికి దిగిపోతోందో స్పానరక్కకు తెలియలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర బాబాయి బండి ఆపి వెనక్కి తిరిగాడు. మూడు షిఫ్టుల నిద్ర బాకీ ఉన్న కార్యదర్శి నోరు తెరుచుకుని, చేతులు ఒళ్ళో జారవిడిచి, పసివాడిలా పడుకున్నాడు. ఇంజను ఆపగానే ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది.

"గుట్ట ఎప్పుడొస్తుంది?" అన్నాడు కళ్ళు నులుముకుంటూ.

బాబాయి అప్పటికే కిందికి దిగి, గేట్లోంచి కాలికి కట్టుతో కుంటుకుంటూ వస్తున్న లోడింగు కూలీకి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"కాస్త జరుగు బాబూ," అన్నాడు కార్యదర్శితో. "ఈయన్ని కిందికి చేర్చాలి."

కార్యదర్శి జరిగాడు.