ఏడుపుకి దొరికిన కారణం

దీపాలు వేసే వేళకి పిల్లవాడు గుక్క పట్టేవాడు. అప్పటిదాకా గోడమీది వెలుతురుని చూసి కాళ్ళాడించినవాడే ఉన్నట్టుండి మొహం కందగడ్డలా చేసుకుని, పిడికిళ్ళు బిగించి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని ఏడ్చేవాడు. ఆ ఊపిరి మళ్ళీ వెనక్కి వస్తుందో రాదోనని చూసేవాళ్ళకి భయం వేసేది. పాలు పట్టబోతే తల తిప్పేసేవాడు. భుజాన వేసుకుంటే వెనక్కి విల్లులా వంగేవాడు. అందరి వంటలూ భోజనాలూ అయ్యే వేళకి, ఏమీ జరగనట్టు నిద్రపోయేవాడు.

"మీవాడి సైరన్ మోగితే మేం కుక్కర్ ఎక్కిస్తున్నామండీ, గడియారంతో పని లేకుండా పోయింది," అంది పై వాటాలో ఉండే టీచరు, మెట్లు దిగుతూ. తల్లి నవ్వింది కానీ, ఆ నవ్వు నవ్వడానికి కూడా ఆమె గోడకి ఆనుకోవలసి వచ్చింది.

డాక్టరమ్మ పిల్లవాణ్ణి తూచింది. పొట్ట నొక్కి చూసింది, చెవులు చూసింది.

"జ్వరం లేదు, వాంతులు లేవు, బరువు బాగా పెరుగుతున్నాడు. దీన్ని కోలిక్ అంటామమ్మా. చాలామంది పిల్లలకి ఉండేదే. ఎందుకొస్తుందో మాకూ సరిగ్గా తెలీదు. మూడు నాలుగు నెలలు నిండేసరికి దానంతట అదే పోతుంది. అందాకా వంతులేసుకుని ఎత్తుకోండి. మరీ ఓపిక చచ్చిపోతే ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి, కాసేపు పక్కగదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి రండి. విసుగులో మాత్రం పిల్లాణ్ణి కుదపకండి."

"అంటే లోపం ఏమిటంటారు?" అని అడిగాడు తండ్రి.

"లోపమే లేదంటున్నానయ్యా."

ఆ మాట అతనికి మింగుడు పడలేదు. ఇంటి ముందుగదిలో అతనికి రిపేరు షాపు ఉంది. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తాడు. వీధిలో అందరూ అతన్ని మిక్సీ డాక్టరు అంటారు. ఏ మోటారైనా వింత శబ్దం చేస్తే, ఎక్కణ్ణించి వస్తోందో తెలియకపోతే, అతనిదొక పద్ధతి: ఒక్కో భాగం తీసి పక్కన పెట్టి, మళ్ళీ నడిపి చూడటం. ఏది తీశాక శబ్దం ఆగిందో అదే దోషి. ఆ పద్ధతి అతన్ని ఎన్నడూ మోసం చెయ్యలేదు.

"లోపం లేకుండా ఏదీ మొరాయించదు," అన్నాడు భార్యతో, ఆసుపత్రి మెట్లు దిగుతూ.

ముందు ఆమె కాఫీ పోయింది. తరవాత పప్పు. తరవాత పాలు, కారం, పులుపు. ఆమె కంచంలో ఉత్త అన్నం, ఉడికించిన కూరముక్కలు మిగిలాయి. బట్టల సబ్బు మారింది, కిటికీ తెర ఊడింది, తిరిగే ఫ్యాను దిగి దాని స్థానంలో అతనే చప్పుడు లేకుండా తయారుచేసిన ఫ్యాను ఎక్కింది. పిల్లవాడు వీటిలో దేన్నీ పట్టించుకోలేదు.

"అల్లుడూ, ఇక మిగిలింది పిల్లాడి మూత విప్పడమే," అంది అత్తగారు. కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. అతనూ నవ్వాడు. ఆవిడ అంటే అతనికి గౌరవమే. కాన్పు నాటినుంచి ఇంటి బరువంతా ఆవిడే మోస్తోంది. సాయంత్రం ఏడుపు మొదలవగానే, "నువ్వెళ్ళి నాలుగు మెతుకులు తిను తల్లీ," అని కూతురి చేతుల్లోంచి పిల్లవాణ్ణి అందుకునేది. ముంజేతి మీద బోర్లా వేసుకుని, వాడి బుగ్గ తన మోచేతి మడతలో ఆనించి, వీపు నిమురుతూ వంటింటి గుమ్మం నుంచి వీధి గుమ్మందాకా నడిచేది. వాడు ఆపేవాడు కాదు. ఆవిడా ఆపేది కాదు.

ఒక సాయంత్రం ఆవిడ కళ్ళజోడు కోసం బజారుకి వెళ్ళింది. ఆ పూట పిల్లవాడు రెండు మూలుగులతో సరిపెట్టి నిద్రపోయాడు.

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "ఏమే, గమనించావా? మీ అమ్మ ఎత్తుకున్నప్పుడే వీడు ఎక్కువ ఏడుస్తాడు."

"ఏడ్చేటప్పుడే అమ్మ ఎత్తుకుంటుందండీ," అందామె. కానీ గొంతులో బలం లేదు. ఎన్నాళ్ళకో వేడి అన్నం వేడిగా తింటోంది. ఇంట్లో ఆ నిశ్శబ్దం ఎంత బాగుందంటే, దాన్ని కదపాలనిపించలేదు.

మర్నాడు అతను నేరుగానే అడిగాడు. "అత్తయ్యా, ఏమీ అనుకోకండి. ఓ పదిరోజులు మీ చెల్లెలుగారింట్లో ఉండి చూస్తారా? ఉత్త పరీక్షకే."

ఆవిడ ఉతికిన పిల్లవాడి గుడ్డలు మడుస్తోంది. "దానికేం భాగ్యం బాబూ. నన్నూ విప్పి పక్కన పెట్టు, చూద్దాం," అని నవ్వింది. నవ్వి, కూతురి వంక చూసింది. కూతురు పిల్లవాడి లాగు సర్దుతూ తల వంచుకునే ఉంది. ఆవిడ మరి రెండు గుడ్డలు మడిచి, లేచి తన సంచీ తీసుకుంది.

ఆవిడ వెళ్ళిన రోజు కూడా పిల్లవాడు ఏడ్చాడు. మర్నాడూ ఏడ్చాడు, కాస్త తక్కువ. వారం తిరిగేసరికి ఆ వేళకి కేరింతలు కొట్టడం మొదలుపెట్టాడు. తండ్రి ఆ సంతోషం పట్టలేక అత్తగారికే ఫోను చేశాడు.

"పూర్తిగా తగ్గిపోయింది అత్తయ్యా!"

"పోనీలే బాబూ. వాడు చల్లగా ఉంటే అంతే చాలు."

పది రోజులు అయిపోయాయి. ఆవిడ రాలేదు, వీళ్ళూ రమ్మనలేదు. అమ్మని రమ్మందామని కూతురు రోజూ అనుకునేది. పిల్లవాడు మళ్ళీ మొదలుపెడితేనో అన్న భయం నోరు నొక్కేసేది.

టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు అతను డాక్టరమ్మకి గర్వంగా చెప్పాడు. "మీరు లేదన్నారు కానీ, కారణం దొరికిందండీ." జరిగింది వివరించాడు.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టింది. "పిల్లాడికి ఎన్నో నెల అప్పటికి?"

"నాలుగోది పడిందండీ."

"కాకి వాలగానే తాటిపండు పడిందయ్యా. అది పండి పడింది. ఆవిడ ఉన్నా ఆగేదే." మళ్ళీ సూది అందుకుంటూ అడిగింది, "ఇంతకీ ఆవిడకి ఏమని చెప్పారు?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ సాయంత్రమే అత్తగారికి ఫోను చేసి రమ్మన్నారు. "వాడు హాయిగా ఉన్నాడు కదమ్మా, ఎందుకు కెలకడం?" అంది ఆవిడ. తరవాతి నెలలో చెల్లెలికి ఒంట్లో బాగాలేదంది, ఆపై నెలలో మోకాలి నొప్పి అంది. పిల్లవాడు బోర్లా పడ్డాడు, కూర్చున్నాడు, పాకాడు. చివరికి అతనే షాపు మూసి, బస్సెక్కి వెళ్ళాడు.

"తప్పు నాదే అత్తయ్యా. డాక్టరమ్మ చెప్పింది, మీకూ దానికీ ఏ సంబంధమూ లేదట."

"ఆవిడ చదువుకుంది బాబూ, ఆవిడ చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ వాణ్ణి మోసింది నేను కదా. నా చేతుల్లోకి వచ్చాకే ఏడుపు పెరుగుతోందేమోనని నాకూ లోపల పీకుతూనే ఉండేది. నువ్వు పైకన్నావు, అంతే."

బతిమాలి, బతిమాలి వెంట తీసుకొచ్చాడు.

ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కాఫీ తాగింది. పై వాటా టీచరు కుశలం అడిగితే చెప్పింది. పిల్లవాణ్ణి మాత్రం దూరంనుంచే చూసింది. ఆ చూపు వాడి వేళ్ళ మీదా, కొత్తగా వచ్చిన పంటి మీదా, జుట్టు మీదా ఆగి ఆగి సాగింది.

వాడికి కొత్త మనిషి భలే నచ్చింది. చాపమీంచి పాక్కుంటూ వచ్చి, ఆవిడ మోకాళ్ళు పట్టుకుని, వణుకుతూ నిలబడి ఒంటిపన్ను చూపిస్తూ నవ్వాడు.

ఆవిడ రెండు చేతులూ పైకెత్తేసింది, తన చేతులకున్న తడి రంగు వాడికి అంటుకుంటుందేమో అన్నట్టు.

"ఎత్తుకోండి అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"వద్దు బాబూ. నవ్వుతున్నాడుగా." ఆవిడ కళ్ళు వాడిమీదే ఉన్నాయి. "అమ్మాయీ, త్వరగా రా తల్లీ. పడిపోతాడు, వచ్చి పట్టుకో."