కాలు నిలవని పుట్టుమచ్చ

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు ఆమె అద్దం ముందు మచ్చ కోసం వెతుక్కునేది. ఆవగింజంత మచ్చ. పుట్టినప్పుడు అరికాల్లో ఉండేదట. ఆ తర్వాత దానికి ఒకచోట కాలు నిలవలేదు. మోకాలు చెక్కుకుపోతే మోకాలి మీద, పన్ను సలిపితే దవడ మీద, కాన్పు రోజున బొడ్డు కింద. ముందువైపు లేకపోతే వీపు మీద ఉన్నట్టు. వీపు సంగతి భర్త చూసి చెప్పేవాడు. ఆయన పోయి నాలుగేళ్లు. చెప్పేవాళ్లు లేరు.

కిందటేడు అది ఎడమ రొమ్ము మీద మూడు నెలలు కదలకుండా కూర్చుంది. కూర్చోనీలే అనుకుంది. గడ్డ చేతికి తగిలేసరికి చలికాలం వచ్చేసింది.

గడ్డ తీసేశారు. ఇక రేడియేషన్ మిగిలింది. వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురికి ఏదీ చెప్పలేదు. దాని పని దానికే తెమలదు.

రేడియేషన్ ఎంతవరకు పడాలో ఒంటి మీద గీతలు గీసే గది చల్లగా ఉంది. టెక్నీషియన్ అమ్మాయి ఆ వారమే చేరింది.

"చేతులు తలపైకి పెట్టండాంటీ. బిగుసుకుపోకండి."

గోడలోంచి ఎర్రటి వెలుగు గీత వచ్చి రొమ్ముల నడిమి ఎముక మీద నిలిచింది. ఆ అమ్మాయి పెన్నుతో చంక మధ్య నుంచి ఒక గీత, రొమ్ము కింది మడతకి దిగువన ఒక గీత గీసింది. పైగీత మెడకింది ఎముక అంచున రావాలి. ఆమె బొద్దుమనిషి, ఎముక చప్పున చేతికి అందలేదు. అక్కడే మచ్చ కనబడింది. పైగీత దానికి వేలెడు పైన అని కొలిచి రాసుకుంది.

మర్నాటికి స్నానంతో పైగీత చెరిగిపోయింది. అమ్మాయి రాసుకున్న కొలత చూసి మళ్లీ గీసింది. అప్పుడే డాక్టరమ్మ వచ్చింది.

"ఏమే, ఈ గీత గొంతెక్కి కూర్చుందేం?"

"మచ్చ నుంచి కొలిచాను మేడమ్."

"తిరిగే మచ్చ అని ఫైల్లో మొదటి పేజీలోనే ఉందిగా! మబ్బుని గుర్తు పెట్టుకుని ఇంటికి దారి చెప్తావా? ఎముకని పట్టుకో."

"తప్పు నాదేనమ్మా," అంది ఆమె, పడుకునే. "నిన్న మచ్చ ఎముకకి కిందే ఉంది. రాత్రికి పైకెక్కింది."

"మీరు కదలకండి."

డాక్టరమ్మ తనే ఎముక వెంట వేళ్లు నడిపించింది. ఎముక దాటి, మచ్చ ఉన్నచోట వేలు ఆగింది. కొంచెం నొక్కింది.

"నొప్పా?"

"లేదు."

వేలు లేవలేదు. అమ్మాయి పెన్నుకి మూత పెట్టేసింది.

ఆ రోజు ఇక గీతలు గీయలేదు. స్కాన్ తీశారు, సూది గుచ్చి చూశారు. కందిగింజంత గడ్డ. నాలుగు రోజుల తర్వాత డాక్టరమ్మ కాగితం మీద ఆమె భుజం బొమ్మ వేసి చూపించింది.

"గీత ఎముక దగ్గరే ఆపేసుంటే ఇది బయటుండిపోయేది. ఇప్పుడు దీన్ని కూడా లోపలికి తెస్తున్నాం. రోజులు పెరుగుతాయి, నీరసం ఉంటుంది. తోడెవరొస్తారు?"

"నేనే."

"మీకు మీరే తోడేంటమ్మా!"

ఆమె నవ్వబోయింది. కుదరలేదు.

వరండాలో కుర్చీలన్నీ ఖాళీ. చివరి కుర్చీలో కూర్చుని ఫోన్ చేసింది.

"ఇవాళ ఆదివారం కాదుగా అమ్మా, ఏమైంది?"

అంతా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. గడ్డ అన్న మాట ఒక్కటి చెప్పింది. ఎప్పుడు కోశారో చెప్పింది.

"ఇన్నాళ్లూ ఎలా ఉన్నావే అమ్మా ఒక్కదానివే?"

"ఉన్నాను. నువ్వొకసారి రావే."

అవతల బ్యాగు జిప్పు లాగిన చప్పుడు వినబడింది.