కర్రిగాడి దండెం

నేను ఒక ఇనుప తీగను. ఫ్యాక్టరీలో ఎర్రగా కాగి, సన్నగా సాగి, చుట్టగా బయటికొచ్చాను. మొదట ఒక టెంట్ హౌస్ యజమాని చేతిలో పడ్డాను. పెళ్లి పందిళ్లలో నాకు రంగు బల్బులు వేలాడదీసేవాడు. ఎన్ని పెళ్లిళ్లు చూశానో! తలంబ్రాల మీద కంటే భోజనాల బల్లల మీదే జనం చూపు ఎక్కువ నిలిచేది. ఆయన దుకాణం ఎత్తేసినప్పుడు పాత సామాన్లలో నన్ను బాలవ్వ కొనుక్కుంది. సిద్దిపేటలో ఆమె ఇంటి డాబా మీద, రెండు గుంజల మధ్య దండెంగా బిగుసుకుపోయాను.

బట్టలారేస్తారనుకున్నాను. ఎండలు ముదరగానే బాలవ్వ మేక మాంసాన్ని, ఇక్కడి మాటలో కూరను, పొడుగ్గా కోసి, ఉప్పూ కారం పసుపూ పట్టించి, వరసగా నా మీద వేసింది. వాటిని వట్టి తునకలంటారు. ఎండాక డబ్బాకెత్తి వానాకాలమంతా వండుకుంటారు. కమ్మని పనే, కాదనను. కానీ ఆ ఉప్పు నీళ్లు తగిలి నాకు తుప్పు పట్టడం మొదలైంది. ఎవరికి చెప్పుకోను?

ఆ తునకలంటే ప్రాణం పెట్టేది కర్రిగాడు, బాలవ్వ పెంచుకున్న నల్ల కుక్క. రోజూ పొద్దున ఆమె డాబా మీదే ఒక తునక నిప్పుల మీద కాల్చి, సగం కొరికి తాను తిని, మిగతా సగం వాడికిచ్చేది. ఆమె కొరకనిది వాడు ముట్టడు. పిల్లగా ఉన్నప్పుడు ఎవరో విషం కలిపి పెట్టిన అన్నం తిని చావు తప్పించుకున్నాడు, అప్పటి నుంచి అదే పట్టుదల.

ఒక వేసవిలో కర్రిగాడు డాబా మెట్లు ఎక్కలేకపోయాడు. రెండో మెట్టు మీదే కూలబడి రొప్పుతున్నాడు. పశువుల డాక్టరు చూసి గుండె జబ్బన్నాడు. మందులిచ్చి, ఉప్పు మానకపోతే దక్కడన్నాడు. బాలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఉప్పు లేని కుక్క బిస్కెట్లు కొంటే, ఆమె కొరకనివి కాబట్టి వాడు వాసనైనా చూడలేదు.

"ఉప్పు లేకుంట తునకలు జేద్దాం అత్తమ్మా" అంది కోడలు స్రవంతి.

"ఉప్పు లేకుంటె కూర మురగదా బిడ్డా?"

మురగలేదు. కొవ్వంతా తీసేసి, పలుచగా కోసి, ముందు నీళ్లలో ఉడికించి, దోమతెర కప్పి నా మీద ఆరేశారు. మన ఎండల సంగతి తెలిసిందే కదా, విరిస్తే పుటుక్కున విరిగేలా ఎండాయి. బాలవ్వ కింద వాకిట్లో, నాకు కనిపించే చోటే, ఒకటి కాల్చి కొరికింది. కొరికిందే తడవు మూతి వంకరైంది.

"థూ! గడ్డి లెక్కున్నది!"

కర్రిగాడు ఆమె మొహం చూశాడు, తల తిప్పేసుకున్నాడు. మర్నాడూ అంతే. వాడి పక్కటెముకలు బయటపడుతున్నాయి.

"మీ మొఖం జూసే వాడు తింటలేడు. జర నవ్వుండ్రి అత్తమ్మా!"

తమాషా ఏమిటంటే, బాలవ్వకూ బీపీ ఉంది. ఉప్పు తగ్గించమని స్రవంతి ఎంత బతిమాలినా "సప్పిడి కూడు నాకద్దు" అని ఉప్పు డబ్బా దగ్గరికి జరుపుకునే మనిషి. అలాంటి ఆమె మరునాడు పొద్దున ఇంత ముక్క కొరికి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నవ్వు మొహంతో నమిలింది.

"మస్తుగున్నది రా కర్రిగా!"

పెళ్లి పందిళ్లలో చాలా అబద్ధాలు విన్నాను. ఇంత మంచి అబద్ధం మాత్రం వినలేదు. కర్రిగాడు వాసన చూశాడు, నాకాడు, తిన్నాడు. కింద నుంచి స్రవంతి సంతోషంగా వేసిన కేక వినిపించి, నాకూ హాయిగా అనిపించింది.

ఆ అబద్ధం బాలవ్వ రోజూ ఆడాల్సి వచ్చింది. మందులు పనిచేసి కర్రిగాడు తేరుకున్నాడు. నా తుప్పు కూడా అక్కడితో ఆగినట్టే ఉంది. కొత్త తీగ కడదామని స్రవంతి అంటే, "వాడు దీన్నే గుర్తువడ్తడు, ఉండనియ్" అంది బాలవ్వ. మనిషి నా గురించి పలికిన మంచి మాట అదొక్కటే, అందుకే దాచుకున్నాను.

నిన్న కర్రిగాడు ఆగి ఆగి మెట్లన్నీ ఎక్కి, నా కింద కూర్చుని పైకి చూశాడు. వెనకాలే బాలవ్వ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చింది. కాల్చేదాకా కూడా ఆగకుండా నా మీంచి ఒక తునక తీసి కొరికింది. ఈసారి మస్తుగున్నదని చెప్పడం మరిచిపోయింది. ఎటో చూస్తూ నములుతూనే ఉంది, ఇంకో కొరుకు కూడా కొరికింది. చివరికి కర్రిగాడే ఒక్క మొరుగు మొరిగి తన సగం అడగాల్సి వచ్చింది.